రేకుల మీద ఎండ, ప్యానెల్ మీద ఎండ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల సోలార్ గురించి రెండు మాటలు రాస్తే ఈ నెల ఉత్తరాలన్నీ దాని మీదే వచ్చాయి, అవీ దాదాపు అన్నీ విశాఖ నుంచే. పేర్లు వేయొద్దని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకని అందరి పేర్లూ తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైపోయింది. తక్కిన జవాబులు దాని మీదే ఆధారపడతాయి కాబట్టి తగ్గించలేదు.

ప్రశ్న: మాది రేకుల ఇల్లు. ఎదురింటి డాబా మీద ఈమధ్యే సోలార్ ప్యానెళ్లు పెట్టారు. ఎండ ఇద్దరికీ ఒకటే కదండీ. కరెంటు బాగా పారేది లోహంలోనే అని చిన్నప్పుడు చదువుకున్నాం. మా రేకులు ఇనుము, పైన జింకు పూత. మరి ఎదురింట్లో పుట్టే కరెంటు మా రేకుల్లో ఎందుకు పుట్టదు? వేసవి మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలుతుంది గానీ షాక్ అయితే ఎప్పుడూ కొట్టలేదు. (కంచరపాలెం)

జవాబు: కొట్టనందుకు సంతోషించండి. అసలు సంగతేమిటంటే మీ రేకుల్లో కూడా కరెంటు పుడుతోంది. మీ చేతికి అందట్లేదు, అంతే.

కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగం. రేడియో తరంగమూ అదే జాతి. మా చిన్నప్పుడు విశాఖ ఆకాశవాణి పట్టుకోవడానికి డాబా మీద రాగి తీగ కట్టేవాళ్లం, ముల్లు 927 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టేవాళ్లం. అంటే ఆ తీగలోని ఎలక్ట్రాన్లు సెకనుకు 9 లక్షల 27 వేల సార్లు అటూ ఇటూ ఊగేవన్నమాట. ఆ ఊగడం కరెంటే, రేడియో దాన్నే పెద్దది చేసి పాటగా వినిపించేది. ఎండ మీ రేకు మీద పడినప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే ఊపు సెకనుకు దాదాపు 500 లక్షల కోట్ల సార్లు. రేకు పైపైన, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ లోతులో, ఎలక్ట్రాన్లు అంత జోరుగా ఊగుతాయి, ఊగుతూ మళ్లీ కాంతిని బయటికి చిమ్ముతాయి. కొత్త రేకు తళతళ మెరిసేది అందుకే. అద్దంలో మీ ముఖం కనిపించడమూ అంతే: అద్దం వెనక పూతలో కరెంటు ఊగితేనే మీ ముఖం మీకు కనబడుతుంది. కాబట్టి లోహంలో కాంతి కరెంటు పుట్టించదు అనడం తప్పు, లోహానికి ఆ మెరుపు వచ్చిందే ఆ కరెంటు వల్ల.

మరి దాంతో బల్బు ఎందుకు వెలగదు? ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడి చూడండి. కెరటం వస్తుంది, మిమ్మల్ని ఒడ్డు వైపు నెడుతుంది, వెంటనే వెనక్కి లాగుతుంది. సాయంత్రం దాకా అలా నిలబడినా నీళ్లు ఎక్కడికీ పోలేదు. రేకులో ఎలక్ట్రాన్ల సంగతీ అదే, ముందుకెంత జరిగాయో వెనక్కీ అంతే.

అదే తొట్లకొండ దగ్గర తీరానికి వెళితే ఇంకో దృశ్యం కనబడుతుంది. అక్కడ రాళ్లుంటాయి. కెరటం ఎగిరి రాయి దాటి పడిన నీళ్లు అవతలి గుంటలో నిలిచిపోతాయి, వచ్చిన దారిన వెనక్కి పోలేవు, పక్కనున్న సందు వెతుక్కుని మెల్లగా కిందికి పారతాయి. ఆ సందులో చిన్న చక్రం పెడితే తిరుగుతుంది. రాయి లేకపోతే గుంట లేదు, గుంట లేకపోతే పారకమూ లేదు. ఎదురింటి ప్యానెల్లో ఉన్నదీ మీ రేకులో లేనిదీ ఆ రాయే.

కొంచెం లోపలికి వెళదాం. ప్యానెల్‌లో ఉండేది సిలికాన్, అది లోహం కాదు, అర్ధవాహకం. మామూలుగా దాని ఎలక్ట్రాన్లు పరమాణువుల మధ్య బంధాల్లో ఇరుక్కుని ఉంటాయి. కాంతి పొట్లాలు పొట్లాలుగా వస్తుంది, ఒక్కో పొట్లాన్ని ఫోటాన్ అంటాం. 1.12 ఎలక్ట్రాన్ వోల్ట్‌లకు (ఇంత చిన్న శక్తుల్ని కొలిచే కొలమానం అది) తగ్గని ఫోటాన్ తగిలితే ఎలక్ట్రాన్ బంధం తెంచుకుని పైమెట్టు ఎక్కుతుంది, దాని పాత చోట ఒక ఖాళీ మిగులుతుంది. పైమెట్టుకీ కిందిమెట్టుకీ మధ్య కాలు పెట్టే చోటు లేదు కాబట్టి అది వెంటనే కిందికి దిగిపోలేదు, మంచి సిలికాన్‌లో మైక్రోసెకన్లు, కొన్నిసార్లు మిల్లీసెకన్లు కూడా అలా పైనే తిరుగుతుంది. ఈలోగా రెండో ఏర్పాటు పని చేస్తుంది. సిలికాన్‌లో ఒక వైపు భాస్వరం, ఒక వైపు బోరాన్ లాంటివి చిటికెడు కలుపుతారు. ఆ రెండు పొరలు కలిసే చోట ఎప్పుడూ ఒక విద్యుత్ క్షేత్రం నిలబడి ఉంటుంది. దాని దగ్గరికి వచ్చిన ఎలక్ట్రాన్‌ని అది ఒక వైపుకీ, ఖాళీని ఇంకో వైపుకీ తోసేస్తుంది. అవతల పడ్డ ఎలక్ట్రాన్ ఇంటికి చేరాలంటే ఇక బయటి తీగ గుండా, మీ ఎదురింటివాళ్ల ఫ్యాను గుండా తిరిగి రావాల్సిందే.

లోహంలో అలా మెట్ల మధ్య ఖాళీ లేదు, మెట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఎలక్ట్రాన్ ఫోటాన్‌ని మింగి పైకి ఎక్కినా సెకనులో లక్షకోటో వంతు అయ్యేలోపు పక్కవాళ్లని గుద్దుకుంటూ కిందికి జారిపోతుంది. ఆ గుద్దులాటే వేడి, మధ్యాహ్నం మీ చెయ్యి కాలుతున్నది దానివల్లే. ఎండ శక్తి మీ రేకులోకి రాకపోవడం కాదు, వచ్చింది వచ్చినట్టు వేడిగా చెదిరిపోతోంది.

జింకు అన్నారు కాబట్టి ఒక ముచ్చట. ఎలక్ట్రాన్‌ని లోహంలోంచి ఏకంగా బయటికే గెంటేసే దారి ఇంకోటుంది, దాన్ని మొదట్లో బాగా చూపించింది జింకు పలక మీదే. 1888లో హాల్‌వాక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త జింకు పలకకు రుణావేశం ఇచ్చి దానిమీద అతినీలలోహిత కాంతి వేస్తే ఆవేశం దిగిపోయింది, పాఠాల్లో దీన్నే కాంతి విద్యుత్ ఫలితం అంటారు. జింకు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపడాలంటే సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు కావాలి. మన కంటికి కనిపించే కాంతిలో ఊదా రంగు ఫోటాన్‌కే 3కు కాస్త ఎక్కువ, ఎరుపుకి 2 కూడా ఉండదు. 4.3 కావాలంటే తరంగదైర్ఘ్యం 290 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండాలి, ఆ కాంతిని పైనున్న ఓజోన్ దాదాపు అంతా పట్టేస్తుంది, దాని వల్లే మన చర్మమూ బతికిపోతోంది. పైగా ఆరుబయట ఏళ్లుగా తడిసిన రేకు మీద జింకు శుభ్రంగా ఎక్కడుంటుంది, ఆక్సైడూ ఉప్పూ పేరుకుని ఉంటాయి.

ఇంకా రెండు చిన్న దారులున్నాయి, చెప్పకపోతే ఎవరో ఒకరు తప్పు పడతారు. రెండు వేరువేరు లోహాలను అతికించి ఆ అతుకుని వేడి చేస్తే వోల్టేజ్ వస్తుంది. 1821లో సీబెక్ చూశాడు. ఉక్కు కర్మాగారాల్లో కొలిమి వేడి కొలిచే థర్మోకపుల్ అదే, ఒక డిగ్రీకి కొన్ని మైక్రోవోల్ట్‌ల నుంచి కొన్ని పదుల మైక్రోవోల్ట్‌ల దాకా ఇస్తుంది. మీ రేకునీ దానికి కొట్టిన వేరే లోహం మేకునీ ఎండ సమంగా కాల్చకపోతే అక్కడా ఆ కాస్తా పుడుతుంది. రెండోది, ఫోటాన్‌కి బరువు లేకపోయినా తోపుడు ఉంది, అది ఎలక్ట్రాన్లను తన దిక్కుకి కొంచెం ఈడుస్తుంది. పల్చని లోహపు పూతల మీద లేజర్ వేసి ఆ కరెంటుని కొలిచారు కూడా. అయితే దాంతో చీమని కూడా భయపెట్టలేం.

ఎప్పుడైనా ఎదురింటి డాబా ఎక్కి ప్యానెల్‌ని దగ్గరగా చూడండి. నల్లని సిలికాన్ మీద సన్నని వెండి గీతలు కనబడతాయి. పనికొచ్చే కరెంటు పుట్టించేది సిలికాన్, మోసుకెళ్లేది వెండి. మీరు చదువుకున్నదీ తప్పు కాదు, లోహం కరెంటుని బాగా పారిస్తుంది అన్నారు గానీ పుట్టిస్తుంది అనలేదు కదా.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. కాంతి విద్యుత్ ఫలితం పాఠంలో కాంతి తీవ్రత పెంచితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది గానీ వాటి శక్తి పెరగదు అని ఉంది. బట్టీ పట్టాను, మార్కులు వచ్చేస్తాయి. కానీ నాకు నమ్మకం కలగట్లేదు. పెద్ద లైటు వేస్తే గట్టిగా కొట్టాలి కదా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: నమ్మకం కలగట్లేదని ఒప్పుకున్నావు చూడమ్మా, అది మార్కుల కన్నా మంచి విషయం. అమెరికాలో మిలికన్ అనే ఆయనకీ నమ్మకం కలగలేదు. ఐన్‌స్టీన్ 1905లో నీ పాఠంలో ఉన్న సమీకరణం రాస్తే, అది తప్పని తేలుస్తానని ఏళ్ల తరబడి ప్రయోగం చేశాడు. గాలి తీసేసిన గాజు గొట్టంలో సోడియంని అక్కడికక్కడే గీకి తాజా ముఖం మీద కాంతి వేసేవాడు. 1916 నాటికి సమీకరణం అక్షరాలా సరిపోయిందని తనే ప్రకటించాల్సి వచ్చింది, అయినా ఫోటాన్ అనే ఊహని మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఐన్‌స్టీన్‌కి 1921 నోబెల్ దీనికే వచ్చింది, సాపేక్ష సిద్ధాంతానికి కాదు. మిలికన్‌కి 1923లో వచ్చిన నోబెల్‌లో ఈ ప్రయోగాలకూ వాటా ఉంది.

తొట్లకొండ రాయి పోలిక చెప్పాను కదా, నీ ప్రశ్న దగ్గర అది తేలిపోతుంది. సముద్రంలో పెద్ద కెరటం అంటే ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఎత్తు. కాంతిలో ఎత్తు అంటే వెలుగు కాదు, రంగు. వెలుగు పెంచితే కెరటాల లెక్క పెరుగుతుంది గానీ ఒక్కో కెరటం ఎత్తు పెరగదు. అందుకని ఇంకో పోలిక. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి ఉందనుకో, పొట్లం 30 రూపాయలు, కానీ బండాయన ఒక వింత మనిషి, ఒక్క నోటే తీసుకుంటాడు, రెండు నోట్లు కలిపిస్తే ఒప్పుకోడు. నీ దగ్గర పది రూపాయల నోట్లు వంద ఉన్నా పొట్లం రాదు. 50 నోటు ఒకటిస్తే పొట్లమూ వస్తుంది, 20 చిల్లరా వస్తుంది. 50 నోట్లు పదిస్తే పది పొట్లాలు వస్తాయి, కానీ ఒక్కో పొట్లానికి చిల్లర మాత్రం ఎప్పుడూ 20 రూపాయలే. ఆ 30 మీ పుస్తకంలో పని ప్రమేయం (ఎలక్ట్రాన్ లోహంలోంచి బయటపడటానికి కట్టాల్సిన శక్తి), చిల్లర ఎలక్ట్రాన్‌కి వచ్చే గరిష్ఠ గతిశక్తి, నోటు విలువ రంగు, నోట్ల లెక్క తీవ్రత. పెద్ద లైటంటే నోట్ల కట్ట పెద్దది, అంతే.

పోలికలతో కూడా నమ్మకం కుదరకపోతే చేసి చూడు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లో ఎరుపు ఎల్ఈడీలు రెండు, ఆకుపచ్చవి రెండు కొనుక్కో, పైన ఉండే ప్లాస్టిక్ కప్పు ఏ రంగూ లేకుండా నీళ్లలా కనిపించేవి అడుగు. కాలేజీ ల్యాబ్‌లో మల్టీమీటర్ తీసుకుని డీసీ వోల్ట్‌ల మీద పెట్టి ఎరుపు ఎల్ఈడీ కాళ్లకు తగిలించి మిట్టమధ్యాహ్నపు ఎండలో పట్టుకో. దాదాపు ఒకటిన్నర వోల్ట్ చూపిస్తుంది. వెలుగు ఇచ్చే ఎల్ఈడీకి మనమే వెలుగు ఇస్తే బుల్లి సోలార్ సెల్ అయిపోతుంది, కరెంటు మైక్రోఆంపియర్లలోనే వస్తుందనుకో. ఇప్పుడు గది చీకటి చేసి, పచ్చ ఎల్ఈడీని బ్యాటరీతో వెలిగించి (మధ్యలో 330 ఓముల రెసిస్టర్ పెట్టడం మర్చిపోకు, లేకపోతే మాడిపోతుంది) దాని ముక్కుని మీటర్‌కి తగిలించిన ఎరుపు ఎల్ఈడీ ముక్కుకి ఆనించు. వోల్టేజ్ లేస్తుంది. తర్వాత తిప్పెయ్, ఎరుపుని వెలిగించి పచ్చదాన్ని మీటర్‌కి పెట్టు. ఇంచుమించు సున్నా. ఎరుపు ఎంత దేదీప్యమానంగా వెలిగినా ఇంచుమించు సున్నాయే, ఎందుకంటే పచ్చ ఎల్ఈడీలో మెట్టు ఎత్తు ఎరుపు ఫోటాన్ ఎక్కలేనంత. ఇది లోహం నుంచి ఎలక్ట్రాన్ ఊడిపడటం కాదు, అర్ధవాహకం లోపలే పైమెట్టు ఎక్కడం, పరీక్షలో ఈ రెండూ కలిపేయకు. ఒక్క నోటు లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంకో తమాషా. ఈ కాంతి విద్యుత్ ఫలితాన్ని మొట్టమొదట కనిపెట్టిన హెర్ట్జ్ 1887లో వెతుకుతున్నది దీన్ని కాదు, కాంతి అలే అని రుజువు చేసే పనిలో ఉన్నాడు. రెండు లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ సరిగ్గా కనబడటానికి చీకటి డబ్బా పెడితే రవ్వ చిన్నదైపోయింది. గాజు అడ్డం పెట్టినా అంతే, క్వార్ట్జ్ పెడితే మాత్రం తగ్గలేదు. గాజు అతినీలలోహితాన్ని ఆపుతుంది, క్వార్ట్జ్ వదిలేస్తుంది. అల అని రుజువు చేస్తున్న బల్ల మీదే ఆ అల కథకి కన్నం పడింది. ఆయన దాన్ని దాచిపెట్టకుండా విడిగా వ్యాసం రాసిపెట్టాడు.

కాంతి పొట్లాల లెక్కని ఇంకో వైపు నుంచి బలపరిచిన సీవీ రామన్ చదువుకున్నది మన ఊళ్లోనే అని తెలుసు కదా. వాళ్ల నాన్నగారు 1892లో ఏవీఎన్ కాలేజీకి లెక్చరర్‌గా వచ్చారు. మన సముద్రం చూస్తూ పెరిగిన పిల్లాడే పెద్దయ్యాక సముద్రం నీలంగా ఎందుకుంటుందని అడిగాడు.

ప్రశ్న: నేను చాలా ఏళ్లు జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల థియేటర్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. పాత 35 ఎంఎం రీలు పక్కన వంకర గీత ఉండేది, దాని మీద చిన్న బల్బు వెలుగు పడితే మాట వచ్చేది. మాకు బల్బు మార్చడం, అద్దం తుడవడం నేర్పారు గానీ వెలుగులోంచి మాట ఎలా వస్తుందో ఎవరూ చెప్పలేదు. (అల్లిపురం)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. మీరు ఎక్సైటర్ ల్యాంప్ అనేవారే, దాని వెలుగుని సన్నని చీలిక గుండా రీలు అంచు మీద వేసేవారు. వంకర గీత వెడల్పయిన చోట ఒక మోతాదులో, సన్నబడిన చోట ఇంకో మోతాదులో వెలుగు అవతలికి పోయేది. అవతల ఫోటో సెల్. వెలుగెంత పడితే అంత కరెంటు, గీత ఎలా వంకర్లు తిరిగితే కరెంటూ అలాగే, దాన్ని యాంప్లిఫయర్‌తో పెంచి స్పీకర్‌కి ఇచ్చేవారు. తీవ్రత పెరిగితే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుందని పై ప్రశ్నలో అమ్మాయి బట్టీ పట్టిన వాక్యం మీద ఆధారపడే ఇన్నేళ్లు హీరోలు డైలాగులు చెప్పారు.

అందులో ఒక చిక్కుంది. బల్బులో ఉండేది టంగ్‌స్టన్ తీగ, దాని వెలుగులో ఎక్కువ భాగం ఎరుపూ పరారుణమూ. జింకు అక్కడ దండగ, రాగీ దండగే. అందుకే వెండి ఆక్సైడ్ మీద సీసియం పూత పెట్టి గొట్టంలో బిగించేవారు, ఆ పూత ఎరుపుకీ దాని అవతలి పరారుణానికీ కూడా ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది. తర్వాత గొట్టాలు పోయి సిలికాన్ సెల్‌లు వచ్చాయి, అంటే చిన్న సోలార్ సెల్‌లే. చివరి రోజుల్లో బల్బు బదులు ఎరుపు ఎల్ఈడీ పెట్టారు. మీరు ఆ మార్పు దాకా ఉన్నారో లేదో రాయలేదు.

బొమ్మకి తగ్గ శబ్దం రీలు మీద దాని పక్కనే ఉండేది కాదు, సుమారు 20 ఫ్రేములు ముందుండేది. ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. బొమ్మ తెర మీదికి పోయే గేటు దగ్గర రీలు సెకనుకు 24 సార్లు ఆగి ఆగి నడుస్తుంది, సెల్ దగ్గర ఆగకుండా జారాలి, ఆ రెంటి మధ్యా రీలుని కాస్త వదులుగా ఉంచి లూప్ వదలాలి. లూప్ తేడా వస్తే పెదాలకీ మాటకీ పొత్తు కుదరక కింద జనం ఈలలు వేసేవారు. ఆ ఈలల్లో కొన్ని నావీ ఉండొచ్చు, క్షమించండి.

ప్రశ్న: మా వీధి దీపం మబ్బు పట్టినా వెలిగిపోతోంది. దానికి కూడా సోలార్ సెల్ ఉంటుందా? (పెందుర్తి)

జవాబు: అవసరం లేదు. చాలావాటిలో ఉండేది ఎల్‌డీఆర్ అనే బిళ్ల, కాడ్మియం సల్ఫైడ్‌తో చేసింది. అది కరెంటు పుట్టించదు. వెలుగు పడితే దానిలో ఎలక్ట్రాన్లు బంధాలు తెంచుకుని తిరుగుతాయి, నిరోధం తగ్గి బయటి నుంచి ఇచ్చిన కరెంటు ఎక్కువగా పోతుంది. చీకటి పడితే దారి మూసుకుంటుంది, దాన్ని చూసి సర్క్యూట్ దీపం వేస్తుంది. ఈ గుణాన్ని 1873లో విల్లోబీ స్మిత్ సెలీనియంలో చూశాడు, సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లు పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడుతుంటే వెలుగు పడినప్పుడల్లా లెక్కలు తప్పేవట. జిరాక్స్ మెషిన్ల డ్రమ్ కూడా మొదట్లో సెలీనియం పూతే, పనీ ఇదే. మీ దీపం విషయానికొస్తే బిళ్ల మీద దుమ్ము పట్టిందేమో, తుడిపించి చూడండి.

ప్రశ్న: 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. ఫిబ్రవరిలో బాగా ఇచ్చాయి, మేలో ఎండ మండిపోతుంటే మధ్యాహ్నం రీడింగ్ మాత్రం అనుకున్నంత లేదు. ప్యానెళ్లు పాడయ్యాయా? (సీతమ్మధార)

జవాబు: పాడవలేదు, వేడెక్కాయి. ప్యానెల్‌కి కావాల్సింది వెలుగు, వేడి కాదు. ఈ రెండూ కలిసి వస్తాయి కాబట్టి మనం ఒకటే అనుకుంటాం. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మేలో మధ్యాహ్నం గాలి ఆడని డాబా మీద సెల్ 65 డిగ్రీలకు పోవడం మామూలే. డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతుందనుకుంటే 40 డిగ్రీలకు 14 శాతం పోయింది. వేడెక్కిన సిలికాన్‌లో కాంతి అక్కర్లేకుండానే వేడికే తెగిపోయే బంధాలు ఎక్కువవుతాయి, నేను పైన చెప్పిన రాయి కాస్త అరిగినట్టవుతుంది, ఒక్కో సెల్‌కి ఉండే 0.6 వోల్ట్‌లోంచి డిగ్రీకి 2 మిల్లీవోల్ట్‌ల చొప్పున జారిపోతుంది.

ఆ వేడి ఎండది మాత్రమే కాదు, సెల్ చేసుకునేది కూడా. ఊదా ఫోటాన్ 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు తెస్తే సిలికాన్‌కి పనికొచ్చేది 1.12, మిగతాది అక్కడే వేడైపోతుంది. ఇక 1100 నానోమీటర్లు దాటిన పరారుణం సిలికాన్‌ని పట్టించుకోకుండా పోతుంది. ఈ రెండు నష్టాలకీ తోడు తప్పించుకోలేనివి ఇంకొన్ని కలిపితే ఒంటి పొర సిలికాన్ 29 శాతం చుట్టుపక్కల ఆగిపోవాల్సిందే. ఇప్పుడు అమ్మే ప్యానెళ్లు 20, 22 శాతం దాకా వస్తున్నాయి. 1954లో బెల్ ల్యాబ్స్‌వాళ్లు మొదటి పనికొచ్చే సిలికాన్ సెల్ చూపించినప్పుడు 6 శాతమే.

ప్యానెల్‌కీ డాబాకీ మధ్య గాలి ఆడే ఎత్తు ఉందో లేదో చూడండి. మన దగ్గర ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2 మెగావాట్లు, సింహాద్రి ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 25 మెగావాట్లు నీటి మీద తేలే ప్యానెళ్లు పెట్టారు, నేల కలిసిరావడంతో పాటు చల్లదనమూ ఒక లాభం. మన గాలిలో ఉప్పు ఉంటుంది, పదిహేను రోజులకోసారి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో కడగండి, మధ్యాహ్నం కాలే గాజు మీద చన్నీళ్లు పోయకండి.

నీడ కూడా చూసుకోండి. మా ఇంటి మీద బిగించినాయన (పేరెందుకులెండి) వాటర్ ట్యాంకు పక్కనే రెండు ప్యానెళ్లు పెట్టాడు. మూడు దాటితే ట్యాంకు నీడ వాటి మూల మీద పడుతుంది. మూలే కదా అని నేనూ ఊరుకున్నాను. సెల్‌లన్నీ ఒక దండలా వరసగా కలిపి ఉంటాయి, నీడలో ఉన్న సెల్ ఎంత పారనిస్తే దండలో అంతే పారుతుంది. బైపాస్ డయోడ్ ఆ ముక్కని తప్పించి మిగతాదాన్ని కాపాడుతుంది గానీ, ఆ ముక్క ఇవ్వాల్సింది పోయినట్టే. ఆయన్ని అడిగితే ట్యాంకు జరపమన్నాడు. ట్యాంకు జరపడానికి అయిన ఖర్చు మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

ప్రశ్న: పున్నమి రాత్రి వెన్నెల్లో ప్యానెల్ కరెంటు ఇస్తుందా? (భీమిలి)

జవాబు: ఇస్తుంది, ఎండలో ఇచ్చేదానిలో సుమారు 4 లక్షలో వంతు. 3 కిలోవాట్ల ప్యానెళ్లకు మహా అయితే ఏడెనిమిది మిల్లీవాట్లు, నిజానికి ఇంకా తక్కువే. ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అసలు నిద్ర లేవదు. వెన్నెల్ని భీమిలి ఒడ్డున కూర్చుని చూడటానికే ఉంచండి.

ప్రశ్న: వర్షాకాలంలో డాబా మీద సోలార్ వైరు ఒకటి ఎలుకలు కొరికాయి. మెయిన్ స్విచ్ ఆపేసి నేనే టేపు చుట్టుకోవచ్చా? (గాజువాక)

జవాబు: వద్దు. మెయిన్ ఆపితే ఇన్వర్టర్ ఆగుతుంది గానీ ప్యానెల్ ఆగదు. పగలు ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్లు పైమెట్టు ఎక్కుతూనే ఉంటాయి, వెలుగుకి స్విచ్ లేదు కదా. ఒక్కో ప్యానెల్ 40, 50 వోల్ట్‌లు, ఎనిమిది వరసగా కలిపితే 300 దాటుతుంది, అదీ డీసీ. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి వైరు దగ్గర నిప్పు మెరుపు లేచినా ఆరిపోయే అవకాశం ఉంటుంది, డీసీ మెరుపు ఒకసారి పట్టుకుంటే వదలదు. మబ్బుగా ఉందని ధైర్యం చేయకండి, మబ్బులో కరెంటు తగ్గుతుంది గానీ వోల్టేజ్ పెద్దగా తగ్గదు. పనివాడిని పిలవండి. అతను వచ్చాక డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు కరెంటుని విడదీసే స్విచ్) ఆపుతాడు, ప్యానెళ్ల మీద వెలుగు చొరని మందపాటి పట్టా కప్పుతాడు లేదా చీకటి పడ్డాక చేస్తాడు, మీటర్ పెట్టి చూసుకున్నాకే వైరు ముట్టుకుంటాడు. అప్పటిదాకా పిల్లల్ని డాబా ఎక్కనివ్వకండి.